గోష్త్ మీది, హడ్డీ మాది

చిన్నప్పుడు అబ్బా నన్ను మక్తబ్‌లో చేర్పిస్తూ ఉస్తాద్‌తో అన్న మాట నాకింకా యాద్ ఉంది: "హజ్రత్, గోష్త్ ఆప్‌కా, హడ్డీ హమారీ." మాంసం మీది, ఎముకలు మాకు మిగిలిస్తే చాలని. అందరూ నవ్వారు. నేను నా చేతులకేసి చూసుకున్నాను. ఆ తర్వాత సబఖ్ వచ్చినా ఉస్తాద్ ముందు గొంతు పెగిలేది కాదు. రానిది వచ్చినట్టు పెదాలు కదపడం మాత్రం బాగా నేర్చుకున్నాను.

దెబ్బ లేనిదే తాలీమ్ రాదన్నది మన బుజుర్గుల రివాయత్ అని చాలాకాలం నమ్మాను. ఇబ్న్ ఖల్దూన్‌ను చదివాక ఆ నమ్మకం పోయింది.

1332లో ట్యూనిస్‌లో పుట్టిన ఈ తారీఖ్ పండితుడు 1377లో 'ముఖద్దిమా' రాశాడు. రాజ్యాలు ఎలా లేస్తాయో, ఎలా కూలతాయో చెప్పిన ఆ కితాబ్‌లోనే, చదువుకునే పిల్లల మీద సఖ్తీ ఎంత నష్టమో విడిగా రాశాడు. జబర్దస్తీ కింద పెరిగే బిడ్డ దిల్ ముడుచుకుపోతుందంటాడు. హుషారు పోయి బద్ధకం వస్తుంది. దెబ్బ తప్పించుకోడానికి దిల్‌లో ఒకటి, జుబాన్ మీద ఒకటి పెట్టుకుంటాడు. ఆ ఝూట్, ఫరేబ్ చివరికి ఆదత్ అయిపోతాయి. పెద్దయ్యాక తనను, తన ఇంటిని కాపాడుకునే హిమ్మత్ కూడా మిగలదు. జులుం కింద నలిగిన ఖౌమ్‌లకూ ఇదే గతి అన్నాడు. నా పెదాల కదలికను ఆరు వందల ఏళ్ల ముందే చూశాడేమో అనిపించింది.

అలాగని దండనను ఆయన పూర్తిగా కాదనలేదు. తప్పనిసరైతే మూడు దెబ్బలు దాటొద్దన్న ఖైరవాన్ ఫఖీహ్ ఇబ్న్ అబీ జైద్ మాటను ఉదహరించాడు. ఖలీఫా హారూన్ రషీద్ తన కొడుకు అమీన్ ఉస్తాద్‌కు చేసిన నసీహత్‌నూ మెచ్చుకున్నాడు. బిడ్డను దుఃఖపెట్టి జెహన్‌ను చంపొద్దని, ముందు నర్మీ చూపి, అది పనిచేయకపోతేనే సఖ్తీకి పోవాలని దాని సారం.

మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఆ మూడు దెబ్బలను కూడా తీసేసింది. బిడ్డను కొట్టడమే కాదు, మనసును వేధించడమూ నిషేధమే. అయితే 2012 సవరణతో ఈ చట్టం మదర్సాలకు వర్తించదు. ఆ కాపలా అక్కడ లేదు కాబట్టి, బిడ్డ ఇజ్జత్ జిమ్మేదారీ ఉస్తాద్‌ది, వాలిదైన్‌ది.

నిరుడు మా అబ్బాయిని మక్తబ్‌లో చేర్పించినప్పుడు ఉస్తాద్‌కు సలాం చెప్పి, "హజ్రత్, వీడికి సబఖ్ రాకపోతే నాకు కబురు పెట్టండి. ఇంట్లో పక్కన కూర్చుని నేనూ చదివిస్తాను" అన్నాను. అబ్బా పక్కనే ఉన్నారు. ఏమీ అనలేదు. మనవడి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు.