కళాయి నుంచి పుట్టీ దాకా

తారీఖ్ అనగానే మనకు కోటలు, నవాబులు, జంగ్‌లే గుర్తొస్తాయి. డెంటింగ్ షెడ్‌కూ ఒక తారీఖ్ ఉంది. హైదరాబాద్ గల్లీల్లో, విజయవాడ ఆటోనగర్‌లో మనవాళ్లు ఎందరో బండ్ల సొట్టలు తీసే రోజీతోనే ఇల్లు నడుపుతున్నారు. వాళ్ల చేతిలోని పుట్టీ కథ రాయాలని నాకు చాన్నాళ్లుగా ఉంది.

పుట్టీ రాకముందు సొట్టకు మందు సీసం. ముందు సుత్తితో కొట్టి రేకును వీలైనంత సాపు చేసేవారు. మిగిలిన గుంటలో సీసం, తగరం కలిపి నింపేవారు. మామూలుగా 70 పాళ్లు సీసం, 30 పాళ్లు తగరం. కమాల్ అంతా ఆ పాళ్లలోనే ఉంది. వేడి చేస్తే అది ఒక్కసారిగా నీరు కాదు, 183 డిగ్రీల దగ్గర మెత్తబడి, ఇంకా వేడెక్కేదాకా వెన్నలా ఉంటుంది. అప్పుడే చెక్క పలకతో రేకు మీద పరిచి, చల్లారాక ఆకురాయితో రాకేవారు.

అయితే ఉత్త రేకుకు సీసం అంటదు. ముందు తగరం పూత పట్టించాలి. ఈ మాట వింటే మన ఇళ్లలో పెద్దవాళ్లకు కళాయివాలా గుర్తుకు రాక మానడు. రాగి దేగ్చీని కాల్చి, నౌసాదర్ చల్లి, తగరం పూసేవాడు. దేగ్చీ అయినా, బండి అయినా ఆ హునర్ ఒకటే.

1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రియాసత్‌లో బస్సులు మొదలుపెట్టింది. అప్పటికి ఈ పుట్టీ ఇంకా పుట్టలేదు.

సీసం జహర్. దాని పొగ, పొడి ఊపిరితో లోపలికి పోయి నెత్తురులో కలుస్తాయి. నరాలను, మూత్రపిండాలను తినేస్తాయి. 1955లో అమెరికాలోని మయామిలో షెడ్ నడిపే రాబర్ట్ మెర్టన్ స్పింక్ ఆ పొగతో విసిగిపోయి కొత్త పుట్టీ ఈజాద్ చేశాడు. దాని పేరు బాండో. పాలిస్టర్ రెసిన్, టాల్కం పొడి కలిసిన ముద్ద అది. చిటికెడు హార్డనర్ కలిపితే కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. మంట అక్కర్లేదు, సీసం అక్కర్లేదు.

పని తేలికైంది. దాంతో రెండు ముసీబత్‌లూ వచ్చాయి.

మొదటిది, సుత్తి చేయాల్సిన పని పుట్టీ మీద పడింది. ఉస్తాద్‌లు రెండు మూడు మిల్లీమీటర్లకు మించనివ్వరు. తొందరపడేవాళ్లు సొట్టను కొట్టకుండానే మందంగా మెత్తేస్తారు. కొన్నాళ్లకు అది పగులుతుంది. టాల్కం తేమను పీల్చుకుంటుంది, కింద రేకు తుప్పు పడుతుంది, పెయింట్ పొక్కులు లేస్తుంది. పాత కారు కొనేటప్పుడు చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి. పుట్టీ మందంగా ఉన్నచోట అది అంటుకోదు. పెయింట్ దాచిన ఐబ్ బయటపడుతుంది.

రెండోది, దుమ్ము. వార్తల పని మీద షెడ్‌లకు వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను. షాగిర్ద్‌ల కనురెప్పలు కూడా తెల్లగా ఉంటాయి. ముక్కుకు చేతి రుమాలు, అదీ కొందరికే. రాకినప్పుడు లేచే సన్నటి పొడిని రుమాలు ఆపలేదు. రెసిన్‌లోని స్టైరీన్ ఘాటునైతే అసలే ఆపలేదు.

కారీగర్ ఊపిరి కాపాడుకోవడానికి ఒక కారీగరే కనిపెట్టిన వస్తువు ఇది. మీ ఇంటి నుంచి షెడ్‌కు వెళ్లే పిల్లాడుంటే, టిఫిన్ డబ్బాతో పాటు మంచి మాస్కు కూడా పెట్టి పంపండి.