ఎవరి యుద్ధం ఎప్పుడు ముగిసింది?

హైదరాబాదు సంస్థానం మీద భారత సైన్యం జరిపిన చర్య 1948 సెప్టెంబరు 13న మొదలై 17న ముగిసిందని బడిపిల్లలకు కూడా తెలుసు. మేజర్ జనరల్ చౌదరి షోలాపూరు వైపు నుంచి వచ్చాడు, 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు, అంతటితో కథ కంచికి చేరినట్టే రాస్తున్నాం. ఈ ఐదు రోజుల కథను మనకు అందించినవాళ్లను గమనిస్తే ఒక సంగతి తేలుతుంది. మీర్ లాయక్ అలీ సంస్థాన ప్రధాని, కె.ఎం. మున్షీ భారత ప్రభుత్వం పంపిన ఏజెంట్ జనరల్, ఎద్రూస్ సేనాధిపతి. ముగ్గురూ పుస్తకాలు రాసుకున్నారు. బంగళా వరండాలో నిలబడి చూసినవాళ్లకు యుద్ధం ఐదు రోజుల్లో ముగిసినట్టే కనిపిస్తుంది. జైలు గదిలో ఉన్న ఖైదీకి, దళంలో తుపాకి మోసిన పాలేరుకు, ఉద్యోగం ఊడి ఇంటికి నడిచిన నిజాం సిపాయికి అలా కనిపించలేదు. వాళ్ల మాటల్ని ముందు పెట్టుకుని చదివితే యుద్ధం ముగిసిన తేదీ మనిషిని బట్టి మారుతుంది. ఆ మాటలు మనకు పలచగా దొరకడానికి వాళ్ల చదువులేమి కారణమని చెప్పడం వాడుకైపోయింది. అసలు కారణం మనం వాళ్లను అడిగిన తీరులో ఉందని నా వాదన.

అంతకు ముందు యుద్ధాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు నుంచి భారత సిపాయిలు ఇంటికి రాసిన ఉత్తరాలను సెన్సారు అధికారులు ఇంగ్లీషులోకి మార్చి దాచారు గనుక పంజాబు రైతుబిడ్డల గొంతు కొంత మిగిలింది. పాలస్తీనా వైపు పోరాడిన హైదరాబాదు లాన్సర్లకు మాత్రం ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర కంచు విగ్రహం దక్కింది. ఆ విగ్రహం పక్కన పెట్టి చదువుకోవడానికి రౌతు చెప్పిన నాలుగు ముక్కలు మన సాహిత్యంలో లేవు. రెండో యుద్ధంలో 1941 డిసెంబరున మలయాలోని కోటబారులో జపాను సేనను ఎదుర్కొన్నవాళ్లలో హైదరాబాదు సంస్థానపు పటాలం కూడా ఉంది. ఇంఫాల్ నుంచి ఆజాద్ హింద్ ఫౌజు వెనుదిరిగిన నడకను హైదరాబాదీ అయిన ఆబిద్ హసన్ సఫ్రానీ రాశాడు. జర్మనీలో చదివి, నేతాజీ పక్కన జలాంతర్గామిలో ప్రయాణించి, తర్వాత భారత విదేశాంగ సేవలో పనిచేసినవాడు ఆయన. రాత గొప్పదే గానీ, ఆయనను సామాన్య సిపాయి అనలేం.

మన నేల మీద ఖైదీ గొంతు మొదట గట్టిగా వినిపించింది నిజామాబాదు జైలులో. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి కృష్ణమాచార్య గోడ మీద పద్యం రాయడం అందరూ చెప్పుకునేదే. ఆయనతోపాటు అక్కడ ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి చేసిన పనిని మనం అంతగా చెప్పుకోం. నా దృష్టిలో ఆయన ‘జైలు లోపల’ కథల సంపుటి మరింత అరుదైన సాక్ష్యం. రాజకీయ ఖైదీ తన త్యాగాన్ని తలచుకోవడం సహజం. ఆళ్వారుస్వామి తన చూపును పక్కనున్న మామూలు నేరస్థుడి మీదికి తిప్పాడు. దొంగ, హంతకుడు అనిపించుకున్న మనిషి ఆ స్థితికి ఎలా వచ్చాడని అడిగాడు. పేరున్న ఖైదీ పేరులేని ఖైదీ తరఫున సాక్ష్యం చెప్పడం అక్కడ మొదలైంది. ఆ దారిలో తర్వాత నడిచినవాళ్లు తక్కువ.

అసలు వివాదం 1948 సెప్టెంబరు 17 నుంచి 1951 అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ తెలంగాణ సాయుధ పోరాట విరమణ ప్రకటించిన నాటి వరకు గడిచిన మూడేళ్లది. మన పాఠ్యపుస్తకాలు ఈ మూడేళ్లను ఒక పేరాలో దాటేస్తాయి. నిజానికి ఆ కాలంలో జైళ్లు ఖాళీ కాలేదు, లోపలి మనుషులు మారారు. సత్యాగ్రహులు బయటికి వచ్చారు. నిజాం కొమ్ముకాసిన రజాకార్లు, వాళ్ల తర్వాత కమ్యూనిస్టులు, వాళ్లకు అన్నం పెట్టారన్న అనుమానంతో పట్టుకొచ్చిన రైతులు లోపలికి పోయారు. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో ఇచ్చిన లెక్క ప్రకారం ఈ పోరాటంలో దాదాపు 4,000 మంది చనిపోయారు, 10,000 మందికి పైగా జైళ్లలో, నిర్బంధ శిబిరాలలో మూడు నాలుగేళ్లు మగ్గారు. అది పార్టీ లెక్క కాబట్టి అనుమానంగా చూడమంటే చూద్దాం. కానీ ఉరిశిక్ష పడిన 12 మంది తరఫున ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించడం కోర్టు రికార్డుకెక్కిన విషయం. నిజాం పోయిన రెండేళ్ల తర్వాత కూడా ఉరికొయ్య నీడలో రోజులు లెక్కపెట్టిన నల్లా నరసింహులు తర్వాత తన అనుభవాలు పుస్తకంగా రాశాడు. ఆయన యుద్ధం ఏ సెప్టెంబరులో ముగిసిందని చెప్పగలం?

ఇదే కాలానికి రెండో ముఖం ఉంది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు చివర నుంచి డిసెంబరు 21 వరకు సంస్థానంలో తిరిగారు. 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడి, సైనిక చర్య సమయంలోనూ ఆ తర్వాతా చనిపోయినవారు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని తమ నివేదికలో అంచనా వేశారు. ఎక్కువగా దెబ్బతిన్నవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదిక 2013 దాకా పూర్తిగా జనం కంటపడలేదు. బయటికి వచ్చాక అందరూ ఆ అంకె చుట్టూనే వాదులాడారు. నన్ను ఎక్కువగా కలతపెట్టేది 500 గొంతులు ఒక సారాంశంగా కుదించుకుపోవడం. చచ్చినవాళ్ల సంఖ్య మిగిలింది, బతికినవాళ్లు చెప్పిన మాట మిగలలేదు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. ముప్పై నలభై ఏళ్ల తర్వాత చెప్పిన జ్ఞాపకాన్ని సాక్ష్యంగా ఎలా నమ్మడం అనేది ఒకటి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మీద ఈ మాట అన్నారు. అడవిలో దళంతో తిరుగుతూ కన్నబిడ్డను వదులుకున్న కమలమ్మ అందులో మాట్లాడుతుంది. తేదీ విషయంలో ఆమె పొరబడి ఉండవచ్చు. బిడ్డ ఏడుపు దళాన్ని పట్టిస్తుందన్న భయాన్ని పొరపాటుగా గుర్తుపెట్టుకునే తల్లి ఉంటుందా? పైగా ఆలస్యమే దోషమైతే మున్షీ పుస్తకం 1957లో, లాయక్ అలీది 1962లో, ఎద్రూస్‌ది 1994లో వచ్చాయి. వాళ్ల ఆలస్యాన్ని జ్ఞాపకాల గాంభీర్యమని, కూలిమనిషి ఆలస్యాన్ని మతిమరుపని అనడం న్యాయం కాదు. రెండో ఆక్షేపణ, ఊళ్లు తగలబెట్టిన రజాకారు మాట ఎందుకు వినాలన్నది. ఇది బరువైన ప్రశ్న, బాధితుల ముందు నిలబడి తేలిగ్గా జవాబు చెప్పలేం. అయినా వినడమంటే క్షమించడం కాదు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ 1957 దాకా జైల్లో ఉండి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. అతని మాట విని ఖాకీ తొడుక్కున్న పేద కుర్రవాడు ఎందుకు తొడుక్కున్నాడో ఆ కుర్రవాడి నోటే వినకపోతే, అలాంటి దండు మళ్లీ ఎలా పుడుతుందో మనకు తెలియదు.

సాక్ష్యం సన్నబడడానికి నేను అన్నిటికంటే పెద్దదిగా లెక్కించే కారణం 1972లో వచ్చిన స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం. పథకం మంచిదే, ఎందరో ముసలివాళ్ల గంజిలో మెతుకు వేసింది. కానీ అది జ్ఞాపకానికి ఒక అచ్చు పోసింది. సాధారణంగా ఆరు నెలల జైలు చూపాలి, జైలు కాగితం లేకపోతే తోటి ఖైదీ ధ్రువపత్రం తేవాలి. అప్పటినుంచి ఖైదీ తన కథను జైలు పేరు, లోపలికి పోయిన తేదీ, విడుదలైన తేదీగా చెప్పడం నేర్చుకున్నాడు. హైదరాబాదు సంస్థానం విషయంలో పథకం గుర్తించింది యూనియన్‌లో విలీనం కోసం జరిగిన ఉద్యమాన్ని. కాబట్టి విలీనం తర్వాత అనుభవించిన జైలు చెప్పుకుంటే లాభం లేదు, ఒక్కోసారి నష్టం కూడా. ఒకే మనిషి జీవితంలో మొదటి జైలు గౌరవమై, రెండోది దాచుకోవలసిన మచ్చ అయింది. పింఛను ఒక్కటే కారణమని అనను. పార్టీలు తమ గీతకు సరిపడే అనుభవాన్నే అచ్చువేశాయి, దళాల్లో పనిచేసిన స్త్రీలను పోరాటం ముగిశాక ఇళ్లకు పొమ్మన్నాయి. కానీ పార్టీ పుస్తకం చదివినవాళ్లు కొందరే, పింఛను దరఖాస్తు ఊరూరికీ వెళ్లింది.

కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డకు ఈ నష్టం రెండింతలు జరిగింది. ఆ నేలలో ఏమీ జరగలేదని, పోరాటమంతా నల్లగొండ, వరంగల్లులదేనని రాసేవాళ్లు ఒక చిన్న సంగతి మరచిపోతారు. గద్వాల, అలంపురం తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లావి. రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు మైసూరుకు పోయింది, ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్‌కు వచ్చాయి. మనుషులు ఇటు వచ్చారు, వాళ్ల కేసులు నడిచిన కచేరీ అటు ఉండిపోయింది. తెలుగు చరిత్రకారుడు రాయచూరు వెళ్లడు, కన్నడ చరిత్రకారుడికి గద్వాలతో పనిలేదు. తుంగభద్ర దాటితే కర్నూలు, అంటే అప్పటి మద్రాసు రాష్ట్రం. నిజాం పోలీసుల చేతికి చిక్కకుండా నది దాటగలిగినవాడికి జైలు తేదీ ఉండదు, పింఛను అచ్చులో అతను తేలిగ్గా పట్టడు. అలంపురం వాసి గడియారం రామకృష్ణశర్మ ‘శతపత్రము’ ఈ గడ్డ మీద నుంచి వచ్చిన విలువైన ఆత్మకథ, కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. అయినా అది పండితుడి పుస్తకం, ఆయన చుట్టూ ఉన్న రైతుల మాట రైతుల నోట రావలసే ఉంది.

నేటి పరిస్థితి నాకు తృప్తినివ్వడం లేదు. సెప్టెంబరు 17ను ఒక ప్రభుత్వం విమోచన దినమంది, ఒకటి సమైక్యతా దినమంది, మరొకటి ప్రజాపాలన దినోత్సవమంది. పేరు కోసం ఇంత పట్టుదల చూపినవాళ్లు ఆనాటి మనుషుల మాట రికార్డు చేయడంలో పదో వంతు చూపలేదు. ఆ రోజు పద్దెనిమిదేళ్లున్నవాళ్లు ఇప్పుడు తొంభై అయిదు దాటారు. అఫ్సర్ మహమ్మద్ 2023లో తెచ్చిన ఇంగ్లీషు పుస్తకం పోలీసు చర్యను హైదరాబాదు ముస్లింల నోట విన్నది. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా అడిగితే చెప్పేవాళ్లున్నారని అది రుజువు చేసింది. నిజాం తెలంగాణలో కవులే లేరన్న మాటకు, అలంపురం ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి జవాబిచ్చాడు. ఆయన కవుల్ని సృష్టించలేదు, ఉన్నవాళ్లను అడిగాడు. ఇప్పుడు అడగవలసినవాళ్లలో చాలామంది పోయారు గనుక కాగితాలనే అడగాలి. కలెక్టరేట్లలో పింఛను దరఖాస్తులు తెలుగులో, ఆనాటి జైలు పుస్తకాలు ఉర్దూలో, రాయచూరు గురించిన రాతలు కన్నడంలో ఉంటాయి. ఈ మూడింటినీ ఒక బల్ల మీద పరచి, దరఖాస్తులో మొదటి విడుదల తేదీ దగ్గరే ఆగిపోయిన మనిషి 1949లో, 1950లో ఎక్కడ ఉన్నాడో వెతకాలి. కచేరీలో ఉర్దూ, ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడిన తరం నడిగడ్డలోనే బతికింది. వాళ్ల మనుమలలో ఈ మూడు లిపులూ చదవగలిగినవాళ్లు ఇద్దరు ముగ్గురు దొరికినా పని మొదలుపెట్టవచ్చు.