ఊకదంపుడు కాదు

చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊకపొయ్యి మీద నీళ్ళు కాచేది. మిల్లువాళ్ళు ఊక ఊరికే ఇచ్చేవారు. బ్యోబ్లింగెన్ వచ్చిన కొత్తలో, చుట్టుపక్కల పొలాల్లోని మొక్కజొన్న కొంత బయోగ్యాస్‌కే పోతుందని తెలిసి ఆశ్చర్యపోయాను. మనవాళ్ళు మిగిలినది మండిస్తే, వీళ్ళు పండించినదే వాడుతున్నారు!

దీని వెనుక కథ ఉంది. 2000లో జర్మనీ తెచ్చిన చట్టం ఇలాంటి కరెంటుకు ఇరవై ఏళ్ళ రేటు ఖాయం చేసింది. 2004లో ఇంధనం కోసం వేసిన పంటలకు అదనపు రేటు కలిపింది. దాంతో పొలాలు మొక్కజొన్నవైపు మళ్ళాయి. చివరకు 2012లో, కొత్త ప్లాంట్లలో దాని వాటా 60 శాతం మించకూడదన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఊక, చెరుకుపిప్పి, సర్కారుతుమ్మలతో కరెంటు తీశారు. మొదట్లో ప్రభుత్వం మంచి రేటే ప్రకటించింది. 2004లో నియంత్రణ మండలి దాన్ని సవరించింది. ఆ తగాదా సుప్రీంకోర్టుకెక్కి, 2010లో గాని తీర్పు రాలేదు. ఈలోగా ఊకకూ ధర వచ్చింది. ఊరికే దొరికేది కొనుక్కునేదయింది.

జర్మనీ మాట నిలబెట్టుకుంది, కానీ వ్యర్థాన్ని వదిలి పంటను పట్టుకుంది. మనం వ్యర్థాన్నే పట్టుకున్నాం, మాట మీద నిలవలేకపోయాం. 2021లో భారత ప్రభుత్వం బొగ్గు కేంద్రాలలో పంట వ్యర్థాల గుళికలు కలపాలని ఆదేశించింది. ఈసారైనా రైతుకిచ్చిన రేటు నిలిస్తే, ఇదంతా ఊకదంపుడు కాకుండా పోతుంది.