స్ట్రోమటోలైట్లు

సూక్ష్మజీవుల జిగట పొరలు ఒకదానిపై ఒకటి పేరుకుని గట్టిపడగా ఏర్పడిన రాళ్లు స్ట్రోమటోలైట్లు. భూమిపై తొలి జీవానికి కంటితో చూడదగ్గ ఆధారాల్లో అతి పాతవి ఇవే. 1908లో ఈ పేరు పెట్టినవాడు జర్మన్ భూవిజ్ఞాని ఎర్న్‌స్ట్ కల్కోవ్‌స్కీ. ఇవి జీవుల పనేనన్న ఆయన మాటను చాలాకాలం అందరూ ఒప్పుకోలేదు. 1950లలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరంలో సజీవంగా పెరుగుతున్నవి బయటపడ్డాక ఆ అనుమానం చాలావరకు తీరింది.

అక్కడి హామెలిన్ పూల్‌లో నీటి ఉప్పదనం మామూలు సముద్రానికి దాదాపు రెట్టింపు. పొరల్ని మేసే నత్తలు అంత ఉప్పులో బతకలేవు కాబట్టే ఇవి మిగిలాయి. ఎండ తగిలే లోతులేని నీటి అడుగున సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు పొరగా అల్లుకుంటాయి. అలలు తెచ్చిన సన్నని సున్నపు రేణువులు ఆ జిగురుకు అంటుకుని వెలుతురును కమ్మేస్తాయి. సూక్ష్మజీవులు రేణువుల సందుల్లోంచి పైకి పాకి మళ్లీ కొత్త పొర వేస్తాయి. ఇంత చేసినా పెరుగుదల ఏడాదికి అర మిల్లీమీటరుకు మించదు.

అదే పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్‌బారా ప్రాంతంలో, డ్రెస్సర్ శిలాశ్రేణిలో ఉన్నవి సుమారు 348 కోట్ల ఏళ్లనాటివి. దగ్గర్లోనే ఉన్న స్ట్రెల్లీ పూల్ రాళ్ల వయసు 343 కోట్ల ఏళ్లు. అక్కడ శంకువులు, గుమ్మటాలు సహా ఏడు రకాల ఆకృతులున్నాయని 2006లో భూవిజ్ఞాని అబిగైల్ ఆల్‌వుడ్ బృందం వివరించింది. వీటిని కట్టిన తొలి జీవులు నేటి సయనోబాక్టీరియాలా ఆక్సిజన్ విడుదల చేసేవేనని చెప్పడానికి లేదు; గాలిలో ఆక్సిజన్ చెప్పుకోదగ్గంతగా చేరింది సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట.

ఇంత పాత రాళ్లలో జీవకణాలు మిగలడం అరుదు. మిగిలేది ఆకారం, ఆకారం మోసం చేయగలదు. గ్రీన్‌లాండ్‌లోని ఇసువాలో 370 కోట్ల ఏళ్లనాటి స్ట్రోమటోలైట్లు దొరికాయని 2016లో ఒక బృందం ప్రకటించింది. కొన్ని సెంటీమీటర్ల ఎత్తున్న ఆ శంకువులు రాయి ఒత్తిడికి నలిగి ఏర్పడ్డవే కావచ్చని 2018లో ఆల్‌వుడ్ బృందమే వాదించింది. వివాదం తేలేదాకా పిల్‌బారా రాళ్లకే పెద్దరికం ఇవ్వడం సబబు.

తెలుగు నేలపై స్ట్రోమటోలైట్లు చూడాలంటే కడప జిల్లా వేంపల్లెకు వెళ్లాలి. ఆ ఊరి పేరిటే పిలిచే వేంపల్లె శిలాశ్రేణిలోని డోలమైట్ రాతి కోతల్లో, అడ్డంగా కోసిన ఉల్లిపాయలా, ఒకదానిలో ఒకటి ఇమిడిన వంపు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. వీటి వయసు 188 కోట్ల ఏళ్ల పైమాటే: వీటికి పైనున్న తాడిపత్రి శిలాశ్రేణిలోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసే అంత. తుమ్మలపల్లె గనిలో తవ్వే యురేనియం ఖనిజం ఈ వేంపల్లె శిలాశ్రేణిలోనిదే.