ఎనిమిదిన్నర శాతం

2012 సెప్టెంబరులో, మా వాడు కిండర్‌గార్టెన్‌లో చేరిన నెలరోజులకి, వాళ్ళ టీచరు నన్ను పిలిపించింది. పిల్లలు కూర్చునే చిన్న కుర్చీలోనే కూర్చోబెట్టి, "ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అనడిగింది. తెలుగు అన్నాను. ఆవిడ ముఖంలో ఏదో చిక్కుముడి విడిపోయినట్టు కనిపించింది. "అదీ సంగతి! రెండు భాషలతో తికమక పడుతున్నాడు. కొన్నాళ్ళు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, సర్దుకుంటాడు" అంది.

అయిదేళ్ళ పిల్లవాడు పేరు పెట్టి పిలిస్తే తల తిప్పడు. తోటిపిల్లలతో కలవడు. బెల్లు మోగితే చెవులు మూసుకుని బల్లకిందికి దూరతాడు. వీడికి పరీక్షలు చేయించండి అని అడగడానికి వెళ్ళినదాన్ని, నా భాష మానుకుంటానని మాట ఇచ్చి వచ్చాను. ఆ సాయంత్రం నుంచీ మా ఇంట్లో తెలుగు ఆగిపోయింది. అన్నం పెట్టేటప్పుడు, నీళ్ళు పోసేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు కూడా నాకు సరిగ్గా రాని ఇంగ్లీషులోనే వాడితో మాట్లాడాను. తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసి "వాడి చేత ఒక్క ముక్క మాట్లాడించవే" అంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని.

ఆ రోజు ఆ టీచరు నోట పలికింది ఆవిడ సొంత అభిప్రాయం మాత్రమే కాదనీ, దాని వెనక ఒక అంకె ఉందనీ నాకు నాలుగేళ్ళ తర్వాత గానీ తెలియలేదు. ఆ అంకె గురించీ, అంతకుముందు తల్లుల నెత్తిన పడిన నిందల గురించీ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అమెరికాలో స్కూలు డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు. ఒక ఊరికో, కొన్ని ఊళ్ళ ముక్కలు కలిపో ఒక డిస్ట్రిక్ట్. దానికి ఎన్నికైన బోర్డు, సొంత ఆస్తిపన్ను, సొంత బస్సులు. టెక్సాస్‌లో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఇల్లు కొనేముందు మొదట అడిగే ప్రశ్న "డిస్ట్రిక్ట్ మంచిదేనా?" అని. మంచిదంటే పరీక్షల్లో మార్కులు, రేటింగ్. మేమూ అలాగే అడిగాం, అలాగే కొన్నాం. ఆ రేటింగ్‌లో మా వాడిలాంటి పిల్లల లెక్క ఎక్కడుందని అడగాలన్న ఆలోచన అప్పుడు మాకు రాలేదు.

నిజానికి ఈ పిల్లలకి చదువు హక్కుగా వచ్చి ఎంతో కాలం కాలేదు. 1970లో వైకల్యం ఉన్న పిల్లల్లో అయిదుగురిలో ఒక్కరినే అమెరికా స్కూళ్ళు చేర్చుకునేవి. మిగిలిన వాళ్ళు ఇంట్లోనో, సంస్థల నాలుగు గోడల మధ్యనో ఉండిపోయేవాళ్ళు. 1971లో పెన్సిల్వేనియాలో తల్లిదండ్రుల సంఘం కోర్టుకెక్కింది. 1972లో వాషింగ్టన్‌లో మిల్స్ కేసు వచ్చింది. డబ్బు లేదు, ఏం చేయమంటారు అంది అక్కడి విద్యాబోర్డు. డబ్బు చాలకపోతే ఆ లోటు అందరి మీదా పడాలి గానీ, ఈ పిల్లల మీదే ఎక్కువగా పడకూడదన్నాడు జడ్జి జోసెఫ్ వాడీ. 1975 నవంబరులో దేశమంతటికీ చట్టం వచ్చింది. ప్రతి బిడ్డకీ ఉచితంగా, తగిన విధంగా చదువు చెప్పాలి, పరీక్షలు జరిపించాలి, రాతపూర్వకమైన ప్రణాళిక తయారుచేయాలి అన్నది ఆ చట్టం. అదే 1990లో పేరు మార్చుకుని ఐ.డి.ఇ.ఎ. అయింది. ఆటిజం ఆ చట్టంలో విడిగా ఒక వర్గంగా చేరింది కూడా ఆ ఏడాదే.

ఈ చరిత్ర చదివేటప్పుడు నన్ను పట్టుకున్న విషయం మరొకటుంది. పుస్తకాల్లో అంతా "పేరెంట్స్" అని ఉంటుంది. కానీ ఆ మాట వెనక ఉన్నవాళ్ళలో చాలామంది తల్లులు. అదీ నిందలు మోస్తున్న తల్లులు! 1943లో ఆటిజం గురించి రాసిన లియో కానర్, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా రాశాడు. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ దాన్ని పెద్ద సిద్ధాంతం చేసి జనంలోకి తీసుకెళ్ళాడు. "రిఫ్రిజిరేటర్ తల్లి" అన్న మాట అలా స్థిరపడింది. తల్లి గుండె చల్లబడితే బిడ్డ ముడుచుకుపోతాడట! ఆ నింద మోస్తూనే రూత్ సల్లివాన్ అనే ఏడుగురు పిల్లల తల్లి, 1965లో బెర్నార్డ్ రిమ్‌లాండ్‌తో కలిసి ఆటిజం ఉన్న పిల్లల కోసం జాతీయ సంఘం పెట్టడంలో ముందు నిలిచింది. 1975 చట్టం కోసం కూడా తిరిగింది. ఆమె లాంటి వాళ్ళు ముందు తాము నేరస్థులం కాదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాతే బిడ్డ హక్కు గురించి మాట్లాడే వంతు.

నా తరానికి వచ్చేసరికి గుండె చల్లదనం పోయి నాలుక మీద తెలుగు వచ్చింది. అంతే తేడా.

ఇక ఆ అంకె సంగతి. 2004లో, విద్యకి నిధులు తెగ్గోసిన రోజుల్లో, టెక్సాస్ రాష్ట్ర విద్యాసంస్థ డిస్ట్రిక్టుల పనితీరుని కొలవడానికి కొత్త పద్ధతి పెట్టింది. అందులో ఒక కొలబద్ద ఏమిటంటే, మొత్తం విద్యార్థుల్లో ప్రత్యేక విద్య పొందుతున్న వాళ్ళు ఎంత శాతం? ఎనిమిదిన్నర లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఆ డిస్ట్రిక్టుకి మంచి మార్కు. దాటితే మార్కు పడిపోతుంది, సంజాయిషీ చెప్పుకోవాలి. అప్పటికి దేశ సగటు 13 శాతం దగ్గరుంది. ఈ ఎనిమిదిన్నరకి ఆధారమైన పరిశోధన ఏదీ లేదని తర్వాత బయటపడింది. 2015 నాటికి టెక్సాస్ సరిగ్గా ఆ ఎనిమిదిన్నర దగ్గరికే దిగింది. దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా తక్కువ.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఎక్కువమందిని చేర్చుకోవడం దానంతటదే మంచి కాదు. ఒకప్పుడు నల్లజాతి పిల్లల్నీ, ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లల్నీ ఇంగ్లీషు పరీక్షలు పెట్టి "మందబుద్ధులు" అని వేరే గదుల్లోకి నెట్టిన చరిత్ర ఈ దేశానికి ఉంది. కాలిఫోర్నియాలో 1970 నాటి డయానా కేసు, ఆ తర్వాత లారీ పి. కేసు వచ్చింది అందుకే. ఇంగ్లీషు రాకపోవడాన్నే వైకల్యంగా లెక్కకట్టకూడదని చట్టంలో ఉన్నది ఆ పిల్లల రక్షణ కోసమే. అనవసరంగా ముద్ర వేయకూడదనే మేం తగ్గించామని టెక్సాస్ అధికారులు కూడా వాదించారు. కానీ కవచంగా పెట్టిన నియమం తలుపుకి గడియ అయింది. భాష రాకపోవడమే కారణమన్న మాట, ఏ పరీక్షా చేయకుండానే తేల్చేయడానికి పనికొచ్చింది. నిజానికి పిల్లవాణ్ణి వీలైనంతవరకు వాడి సొంత భాషలోనే పరీక్షించాలని అదే చట్టం చెబుతుంది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

"ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంటూ ఒకటో తరగతి గడిచింది. చిన్న చిన్న గ్రూపుల్లో కూర్చోబెట్టి అదనంగా పాఠం చెబుతాం, ఫలితం చూశాక ఆలోచిద్దాం అన్నారు. రెండో తరగతీ అలాగే గడిచింది. నోటితో అడగడం కాదు, కాగితం మీద తేదీ వేసి అడుగు అని ఒక మెక్సికన్ తల్లి లైబ్రరీలో నాకు చెప్పింది. 2013లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం, రాసి అడిగితే 15 స్కూలు రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. రాశాను. జవాబు వచ్చింది, అవసరం లేదని.

నేను హెచ్-4 వీసా మీద ఉన్నదాన్ని. 2015 మే దాకా మాలాంటి వాళ్ళకి ఉద్యోగం చేసే అనుమతే లేదు. మా ఆయనకి ఆఫీసు. కాబట్టి చట్టం చదవడం, ఉత్తరాలు రాయడం, వాడితో కూర్చుని అక్షరాలు దిద్దించడం అన్నీ నా "ఖాళీ" మీద నడిచాయి. ఆ పనికి జీతం లేదు, పేరు లేదు, ఏ లెక్కలోనూ చోటు లేదు. డిస్ట్రిక్టుకి మిగిలిన ఖర్చు మాత్రం లెక్కలో కనిపిస్తుంది! రెండు ఉద్యోగాలు చేసుకునే ఆ మెక్సికన్ తల్లికి నాకున్నంత ఖాళీ కూడా లేదు.

కోర్టులు కూడా ఈ బరువు తల్లిదండ్రుల మీదికే తోశాయి. 2005లో షాఫర్ కేసులో, ప్రణాళిక బాగాలేదని ఎవరు ఫిర్యాదు చేస్తే వాళ్ళే రుజువు చేసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2006లో, గెలిచినా నిపుణులకిచ్చిన ఫీజు వెనక్కి రాదంది. 2007లో వింకెల్‌మన్ కేసులో, లాయరు లేకుండా తల్లిదండ్రులు స్వయంగా వాదించుకోవచ్చంది. సంతోషమే, కానీ అది కూడా మరో చాకిరీయే కదా!

2016 సెప్టెంబరులో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక ఈ ఎనిమిదిన్నర కథ బయటపెట్టింది. ఆ వార్త నేను వంటింట్లో నిలబడి చదివాను. పొయ్యిమీద పాలు పొంగిపోయినా కదల్లేదు. డిసెంబరులో ఫెడరల్ విద్యాశాఖ వాళ్ళు టెక్సాస్ వచ్చి ఊరూరా సభలు పెట్టి తల్లిదండ్రుల మాటలు విన్నారు. డాలస్ సభకి నేనూ వెళ్ళాను. మైకు ముందు నిలబడ్డ వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ప్రతి ఒక్కరి చేతిలో ఒక లావుపాటి ఫైలు. పదమూడేళ్ళలో రాష్ట్రం లెక్కపెట్టని పిల్లలందరూ ఆ ఫైళ్ళలో ఉన్నారు. నా వంతు వచ్చినప్పుడు తేదీలు మాత్రం చదివాను. భాష సంగతి చెప్పబోతే గొంతు పెగల్లేదు.

2017లో టెక్సాస్ శాసనసభ ఆ పరిమితిని నిషేధించింది. 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ రాష్ట్రం చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. 2003-04 నుంచి 2016-17 మధ్య మొత్తం విద్యార్థులు పది లక్షలకు పైగా పెరిగితే, ప్రత్యేక విద్యలో ఉన్నవాళ్ళు 32 వేల దాకా తగ్గారని ఆ నివేదిక. ఆ తర్వాత లెక్క మారింది. 2022-23లో ఆ సంఖ్య ఏడు లక్షలు దాటింది. రాష్ట్రంలో పిల్లలు హఠాత్తుగా మారిపోలేదు, కొలబద్ద మారింది. అయితే పరీక్షలు చేసే నిపుణులు చాలక, టీచర్లు చాలక వరుసలు పెరిగాయి. కాగితం మీద అంకె పెరిగినంత మాత్రాన గదిలో చదువు మెరుగుపడదు. 2017లోనే ఎండ్రూ కేసులో సుప్రీంకోర్టు, నామమాత్రపు ప్రగతి చాలదు, ఆ బిడ్డ పరిస్థితికి తగిన ప్రగతి ఉండాలని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తీర్పుని అమలు చేయించే పని మళ్ళీ తల్లిదే.

ఒక డిస్ట్రిక్టుని ఎలా కొలవాలని ఇప్పుడు నన్నడిగితే నా దగ్గర కొన్ని ప్రశ్నలున్నాయి. ఎంతమంది అడిగారు, ఎంతమందికి కాదన్నారు? అడిగిన రోజుకీ పరీక్ష జరిగిన రోజుకీ మధ్య ఎన్ని నెలలు? పిల్లవాణ్ణి ఏ భాషలో పరీక్షించారు? మీటింగులో తల్లికి దుభాషి ఉన్నాడా? ఉద్యోగం పోగొట్టుకోకుండా ఆమె రాగలిగే వేళ అదేనా? ఈ మీటింగుకి టెక్సాస్‌లో "అడ్మిషన్, రివ్యూ, డిస్మిసల్" అని పేరు. చేర్చుకోవడంతో పాటు పంపించేయడం కూడా పేరులోనే ఉంది. పంపించేసిన వాళ్ళ లెక్క కూడా రాయండి అంటున్నాను.

మా వాడికి 2017 వసంతంలో పరీక్షలు జరిగాయి. పదేళ్ళ వయసులో. ఆటిజం అన్నారు, సేవలు మొదలయ్యాయి. ఇంటి భాష అన్న చోట నేను "ఇంగ్లీషు" అని రాస్తే, స్పీచ్ థెరపిస్టు ఆ కాగితం చూసి "మీ భాష ఎందుకు మానేశారు?" అనడిగింది. రెండు భాషలు విన్నందువల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట ఇంకా వెనకబడదని పరిశోధనలు చెబుతున్నాయంది. అయిదేళ్ళు! కారు పార్కింగులో కూర్చుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. తప్పు వాళ్ళదేనని తెలుసు. నేను ఎందుకు అంత తేలిగ్గా ఒప్పుకున్నానన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తల్లి తప్పు అనగానే తల వంచడం మనకి ముందే నేర్పి ఉంచారు కాబోలు.

వాడికిప్పుడు పద్ధెనిమిది దాటాయి. తెలుగు కొన్ని మాటలే వచ్చు. అమ్మ వీడియోలో కనిపిస్తే "అమ్మమ్మా, అన్నం తిన్నావా?" అంటాడు, రోజూ అదే. ఆవిడ రోజూ కొత్తగా విన్నట్టే జవాబు చెబుతుంది.

ఈ మధ్య నాకు తెలియని తెలుగు అమ్మాయిలు ఎవరెవరి దగ్గరో నంబరు తీసుకుని ఫోన్ చేస్తున్నారు. స్కూల్లో ఇలా అన్నారాంటీ, ఏం చేయమంటారు అని. రాసి అడగమ్మా, తేదీ వేయి, ఒక కాపీ దగ్గర పెట్టుకో అంటాను. ఫోన్ పెట్టేసేముందు ఇంకో మాట చెబుతాను. పిల్లవాడితో తెలుగు మానకు.