ల్యాప్‌టాప్‌కు రెండో తెర

ల్యాప్‌టాప్ తెర మీద గీతలు పడినా, రంగులు చెదిరినా, బొమ్మ వణికినా మెకానిక్ మొదట చేసే పని దానికి బయటి మానిటర్ తగిలించి చూడడం. అందులో బొమ్మ శుభ్రంగా వస్తే లోపం ల్యాప్‌టాప్ ప్యానెల్‌లోనో, హింజ్ పక్కనుంచి ప్యానెల్‌కు వెళ్లే సన్నని కేబుల్‌లోనో ఉన్నట్టు. అక్కడా అవే గీతలు కనిపిస్తే గ్రాఫిక్స్ చిప్‌ను అనుమానించాలి. చాలాకాలం నమ్మకంగా పనికొచ్చిన ఈ పరీక్ష ఇప్పుడు ఒక్కటే సరిపోదు. బయటి మానిటర్ తగిలించాకే సొంత తెర చెదిరే లోపాలు కూడా వచ్చి చేరాయి.

1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో వీజీఏను తెచ్చింది. మూడు వరసల్లో 15 పిన్నులుండే ఆ సాకెట్ పాతికేళ్లకు పైగా ల్యాప్‌టాప్‌ల పక్క అంచున కనిపించింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరు తీగల్లో వోల్టేజి హెచ్చుతగ్గులుగా ప్రయాణించేవి. అందుకే లోపం కంటికి నేరుగా దొరికేది. ఎరుపు పిన్ను వంగితే తెల్లని పేజీ నీలి ఆకుపచ్చగా మారేది, నీలం అందకపోతే పసుపు పచ్చగా కనిపించేది. కేబుల్ మరీ పొడవైతే అక్షరాల పక్కన నీడలు పడేవి. తెర రంగు చూసి ఏ తీగ తెగిందో చెప్పగలిగిన రోజులవి.

అప్పట్లో మానిటర్ ఎంత రిజల్యూషన్ తట్టుకోగలదో కంప్యూటర్‌కు తెలిసేది కాదు. 1994లో తెరల ప్రమాణాలు రూపొందించే వెసా సంస్థ ఆ కొరత తీర్చింది. తన వివరాలను 128 బైట్లలో రాసుకుని, అడిగినప్పుడు కంప్యూటర్‌కు చెప్పే ఏర్పాటు మానిటర్‌కు వచ్చింది. దాని పేరు ఈడిడ్. వీజీఏలో ఈ సమాచారం 12, 15 పిన్నుల మీదుగా వెళ్తుంది. ఆ రెండు పిన్నులు లేని చౌక కేబుల్ వాడితే బొమ్మ వస్తుంది గానీ, సరైన రిజల్యూషన్ జాబితాలో కనిపించదు. మానిటర్ మంచిదే, కంప్యూటర్ మంచిదే, వాటి మధ్య మాట కలవదు. లోపం తీగ నుంచి సమాచారంలోకి మారడం ఇక్కడే మొదలైంది.

1999లో డీవీఐ, 2002 చివర్లో హెచ్‌డీఎంఐ, 2006లో డిస్‌ప్లేపోర్ట్ వచ్చాక లోపం కనిపించే తీరే మారిపోయింది. డిజిటల్ సంకేతం బలహీనపడితే నీడలు పడవు. తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మ రెండు క్షణాలు మాయమై తిరిగి వస్తుంది. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 ప్రమాణం 4కే బొమ్మను సెకనుకు 30 సార్లు పంపడానికి సరిపోయింది. 60 సార్లు పంపే వీలు 2013లో హెచ్‌డీఎంఐ 2.0తో వచ్చింది. అందుకే పాత కేబుల్‌తో 30 హెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉన్న తెర, 60కి పెంచగానే ఆరి వెలుగుతుంది. కేబుల్ మార్చే ముందు రిఫ్రెష్ రేటు తగ్గించి చూడడం ఖర్చు లేని పరీక్ష, చాలామంది మరిచిపోయే పరీక్ష కూడా.

చిప్ తప్పు ఎంత ఖరీదైనదో 2008లో లోకానికి తెలిసింది. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లు కొన్నింటిలో ప్యాకేజింగ్ పదార్థం బలహీనంగా ఉందని, మరమ్మతులకు 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నామని ఎన్‌విడియా ఆ జులైలో ప్రకటించింది. వేడెక్కడం, చల్లారడం పదే పదే జరిగి లోపలి అతుకులు చిట్లేవి. గీతలు రెండు తెరల మీదా వచ్చేవి కాబట్టి, పాత పరీక్ష ఇక్కడ సరిగ్గానే పట్టిచ్చింది.

దాని బలం తగ్గింది 2010 నుంచి. ఆ ఏడాది వచ్చిన ఆప్టిమస్ పద్ధతితో ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు వంతులు పంచుకోవడం మామూలైంది. కొన్ని మోడళ్లలో సొంత తెర ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు, హెచ్‌డీఎంఐ సాకెట్ విడి చిప్‌కు కలిపి ఉంటాయి. అలాంటి యంత్రంలో బయటి మానిటర్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన ప్యానెల్‌దే తప్పని తేల్చలేం. రెండు తెరలకూ బొమ్మ పంపుతున్నది ఒకే చిప్ కాదు మరి.

రెండు తెరల వేగాలు వేరైనప్పుడు ఇంకో చిక్కుంది. గ్రాఫిక్స్ మెమొరీ వేగం మార్చడానికి అనువైన సమయం ఒక ఫ్రేమ్‌కూ మరో ఫ్రేమ్‌కూ మధ్య ఉండే చిన్న విరామమే. ఒక తెర 144 హెర్ట్జ్, మరొకటి 60 అయితే ఆ విరామాలు కలవవు. అదను తప్పి వేగం మారితే అడ్డగీతలు మెరుస్తాయి. మార్చకుండా పూర్తి వేగంలోనే ఉంచితే చిప్ వేడెక్కుతుంది. రెండింటినీ 60కి తెచ్చాక గీతలు ఆగిపోతే ప్యానెల్ జోలికి వెళ్లక్కర్లేదు. 2011లో ప్రమాణాల్లోకి వచ్చిన ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ కూడా ఇలాంటి వణుకుకు కారణమవుతుంది. కదలని బొమ్మను ప్యానెల్ తన మెమొరీలోంచే చూపిస్తూ చిప్‌కు విశ్రాంతినిస్తుంది. చిప్ తిరిగి మేల్కొనే క్షణంలో పొరపాటు జరిగితే తెర మిటకరిస్తుంది. డ్రైవర్ సెట్టింగుల్లో ఈ సౌకర్యాన్ని ఆపి చూడవచ్చు.

ఇన్ని మార్పుల తర్వాత మెకానిక్‌లు పాత పరీక్షకు మరికొన్ని జోడించారు. చెదిరిన తెరను స్క్రీన్‌షాట్ తీసి వేరే యంత్రంలో చూసినప్పుడు గీతలు అందులోనూ ఉంటే లోపం బొమ్మ తయారయ్యే చోటే ఉంది. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే చిప్ దాటాక దారిలో ఎక్కడో చెడినట్టు అనుమానించాలి. విండోస్ మొదలవకముందు బయోస్ తెర మీదే గీతలు కనిపిస్తే విండోస్ డ్రైవర్ మీద నింద వేయలేం. డెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డి కీ నొక్కిపట్టి పవర్ ఆన్ చేస్తే ప్యానెల్ తనంతట తాను ఒక్కో రంగును నిండుగా చూపిస్తుంది. మూత మెల్లగా కదిపినప్పుడు గీతలు మారుతుంటే హింజ్ దగ్గరి కేబుల్ నలిగి ఉండే అవకాశం ఎక్కువ. కేబుల్ ధర ప్యానెల్ ధరలో చిన్న వంతే. కొత్త ప్యానెల్‌కు డబ్బు కట్టే ముందు ఈ పరీక్షలన్నీ తమ కళ్లెదుటే చేయించుకోవడం మంచిది.