అమెరికా ప్రజల చరిత్ర

2020 జనగణన ప్రకారం అమెరికా సంయుక్త రాష్ట్రాల జనాభా 33.1 కోట్లు. వీరిలో మూలవాసులను పక్కన పెడితే మిగిలినవారంతా గత ఐదు శతాబ్దాల్లో వలస వచ్చినవారు, బలవంతంగా తెచ్చినవారు, లేదా వారి సంతతి. తాము కదలకపోయినా సరిహద్దు మారడంతో అమెరికన్లయినవారూ ఉన్నారు. వలసదారుల దేశమని అమెరికా తన గురించి చెప్పుకునే మాట సగమే నిజం. ఆ నేల మీద ఉన్నవారిలో ఎవరిని ‘ప్రజలు’గా లెక్కించాలన్నది ప్రతి తరంలోనూ చట్టాలు, కోర్టు తీర్పులు తేల్చాయి. అందుకే ఈ చరిత్రలో ఓడలకు ఎంత చోటు ఉందో శాసనాలకూ అంత చోటు ఉంది.

తొలి నివాసులు

న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్‌లో ఎండిన సరస్సు అడుగున దొరికిన మనుషుల పాదముద్రలు సుమారు 21,000 నుంచి 23,000 ఏళ్ల నాటివని పరిశోధకులు లెక్కగట్టారు. వాటిలో పిల్లలవి, పడుచువారివే ఎక్కువ. అంతకుముందు చాలాకాలం, క్లోవిస్ తరహా రాతి మొనలను బట్టి, మనుషులు వచ్చి 13,000 ఏళ్లే అయిందని పాఠ్యపుస్తకాలు చెబుతుండేవి. మంచుయుగంలో సముద్రమట్టం తగ్గి సైబీరియాకూ అలాస్కాకూ మధ్య నేల బయటపడింది. మూలవాసుల పూర్వికులు ఆసియా నుంచి అటుగానే వచ్చారు.

మెక్సికో వైపు నుంచి పాకిన మొక్కజొన్న సాగు పెద్ద ఊళ్లకు ఆధారమైంది. నేటి సెయింట్ లూయిస్ నగరానికి ఎదుటి ఒడ్డున, మిసిసిపీ నది పక్కన, 1100 ప్రాంతంలో కహోకియా వేలాది జనంతో వెలిగింది. అక్కడి మాంక్స్ మౌండ్ దిబ్బ ఎత్తు 30 మీటర్లు. దాన్ని బండ్లు, పశువుల సాయం లేకుండా తట్టలతో మట్టి మోసి కట్టారు. యూరప్‌వారు అడుగుపెట్టే నాటికే కహోకియా పాడుబడింది.

కొత్తవారు, తెచ్చినవారు

1492 తర్వాత వచ్చిన మశూచి, తట్టు లాంటి జబ్బులు తెల్లవారిని ఎన్నడూ చూడని ఊళ్లను సైతం తుడిచిపెట్టాయి. స్పానిష్‌వారు 1565లో ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్‌ను, ఇంగ్లీషువారు 1607లో వర్జీనియాలో జేమ్స్‌టౌన్‌ను నెలకొల్పారు. అమెరికా కథను 1620లో మేఫ్లవర్ ఓడతో మొదలుపెట్టడం రివాజు. అంతకు ఏడాది ముందే, 1619లో, ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను వర్జీనియా తీరంలో అమ్మేశారు.

బానిసత్వాన్ని వంశపారంపర్యం చేసింది 1662 నాటి వర్జీనియా చట్టం. దాని ప్రకారం తల్లి బానిసైతే బిడ్డా బానిసే. ఇంగ్లండ్ ఆచారంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి వచ్చేది. ఇక్కడ దాన్ని తలకిందులు చేశారు. బానిస స్త్రీకి యజమాని వల్ల పుట్టిన బిడ్డ కూడా ఆ యజమానికి ఆస్తిగా మారిపోయేది. ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించిన సుమారు 1.25 కోట్ల మందిలో నేరుగా ఉత్తర అమెరికాకు చేరినవారు 4 లక్షలలోపే. 1860 నాటికి ఆ దేశంలో బానిసలు దాదాపు 40 లక్షలు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలో ఈ చట్టానికి పెద్ద పాత్ర ఉంది.

ఎవరిని లెక్కించాలి

1776 స్వాతంత్ర్య ప్రకటన మనుషులంతా సమానమంది. 1787లో రాసిన రాజ్యాంగం ప్రతినిధుల సభ స్థానాల లెక్కలో ఒక్కో బానిసను అయిదింట మూడొంతుల మనిషిగా పరిగణించింది. 1790లో జరిగిన మొదటి జనగణన పట్టికను చూస్తే కొత్త దేశం మనసు తెలుస్తుంది. కుటుంబ పెద్ద పేరు పక్కన అయిదు గడులు: పదహారేళ్లు నిండిన స్వేచ్ఛాయుత తెల్ల మగవారు, అంతకన్నా చిన్న మగపిల్లలు, తెల్ల ఆడవారు, స్వేచ్ఛ ఉన్న ఇతరులు, బానిసలు. మొత్తం 39 లక్షల మందిలో సుమారు 7 లక్షలు చివరి గడిలో పడ్డారు. తమ నేలల్లో ఉంటున్న మూలవాసులకు ఏ గడీ లేదు. అదే ఏడాది వచ్చిన చట్టం, పరాయి దేశస్థుల్లో స్వేచ్ఛ కలిగిన తెల్లవారే పౌరసత్వానికి అర్హులని తేల్చింది.

తెల్లవారిలా బతికితే చోటు దొరుకుతుందని నమ్మిన మూలవాసులు చెరోకీలు. 1821 నాటికి సెక్వోయా అనే చెరోకీ, ఇంగ్లీషు చదవడం రాకపోయినా, తన భాషకు ఒక్కో అక్షరానికి ఒక్కో గుర్తు చొప్పున లిపి కూర్చాడు. 1828లో ఆ లిపిలో పత్రిక వెలువడింది. వారు రాజ్యాంగం కూడా రాసుకున్నారు. అయినా 1830 నాటి మూలవాసుల తరలింపు చట్టం కింద 1838–39లో వారిని సైన్యం ఇళ్ల నుంచి లాగి, నేటి ఓక్లహామాకు తరలించింది. సుమారు 16,000 మందిలో 4,000 మంది దాకా చనిపోయారని అంచనా. మెక్సికోతో యుద్ధం ముగిశాక 1848 ఒప్పందంతో కాలిఫోర్నియా తదితర ప్రాంతాలు, అక్కడి జనంతో సహా, అమెరికాలో కలిశాయి.

1861–65 అంతర్యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా సైనికులు చనిపోయారు. బానిసత్వం రద్దయింది. 1868 నాటి 14వ సవరణ, ఆ గడ్డ మీద పుట్టి దాని చట్టపరిధిలో ఉన్నవారంతా పౌరులేనంది. అయినా జాన్ ఎల్క్ అనే మూలవాసికి ఇది వర్తించదని 1884లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అక్కడి అసలు మనుషులందరికీ పౌరసత్వం దక్కింది 1924లోనే!

తలుపులు

కరువుకు తాళలేక ఐరిష్‌వారు, ఆ కాలంలోనే జర్మన్లు, ఆ తర్వాత ఇటాలియన్లు, తూర్పు యూరప్ యూదులు వచ్చారు. 1892 నుంచి 1954 దాకా న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవి మీదుగా 1.2 కోట్ల మంది ప్రవేశించారు. పశ్చిమ తీరంలో పరిస్థితి వేరు. రైలు మార్గం వేయడానికి పనికొచ్చిన చైనా కూలీల రాకను 1882 చట్టం నిషేధించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వంటమనిషి వాంగ్ కిమ్ ఆర్క్ చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, పౌరుడు కాదంటూ అడ్డుకున్నారు. పుట్టుకతోనే అతడు పౌరుడని 1898లో సుప్రీంకోర్టు తేల్చింది.

1906 భూకంపం, మంటల్లో ఆ నగర జనన రికార్డులు కాలిపోయాయి. దాంతో చాలామంది చైనీయులు తాము ఇక్కడే పుట్టామని చెప్పి, చైనాలోని తమ ఊళ్లలో ఇతరుల పిల్లలను తమ కొడుకులుగా కాగితాల మీద రాయించి రప్పించుకున్నారు. ఆ నగర రేవులోని ఏంజెల్ దీవిలో వలస అధికారులు వారిని రోజుల తరబడి ప్రశ్నించేవారు. మీ ఇంటి ముందు మెట్లెన్ని? బావి ఎటువైపు? పొరుగింట్లో ఎవరుంటారు? జవాబులు రాసిన కాగితాలను ఓడలో బట్టీపట్టి, రేవు రాకముందే సముద్రంలో విసిరేసేవారు.

భారతీయుల వంతు 1923లో వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్, ఉత్తర భారతీయులు కాకేసియన్ జాతివారని పండితులే అంటున్నారు కాబట్టి తానూ తెల్లవాడినేనని, పౌరసత్వానికి అర్హుడినని వాదించాడు. కొద్ది నెలల ముందు జపాన్‌కు చెందిన ఒజావాను, కాకేసియన్ కాదన్న కారణంతో తిరస్కరించిన సుప్రీంకోర్టు, ఈసారి పండితుల మాట చెల్లదని, సామాన్యుడి దృష్టిలో తెల్లవాడై ఉండాలని అంది. అప్పటికే పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వాన్నీ ప్రభుత్వం లాక్కుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వైద్యశాస్త్రం చదవడానికి బోస్టన్‌లో దిగింది ఆ ఏడాదే. 1924 చట్టం ఆసియా వలసను దాదాపు మూసేసి, దక్షిణ, తూర్పు యూరప్‌వారికీ కోటాలు బిగించింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942 నుంచి, సుమారు 1.2 లక్షల మంది జపాన్ సంతతివారిని శిబిరాల్లో బంధించారు. వారిలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే.

1965 తర్వాత

దక్షిణాది నుంచి 1970 వరకు ఉత్తర, పశ్చిమ ప్రాంతాల నగరాలకు తరలిన సుమారు 60 లక్షల మంది నల్లవారు అక్కడి రాజకీయాలను మార్చారు. పౌరహక్కుల పోరాటం 1964 పౌరహక్కుల చట్టాన్ని, 1965 ఓటుహక్కు చట్టాన్ని సాధించింది. అదే ఊపులో 1965 వలస చట్టం జాతి మూలాల కోటాలను ఎత్తేసి, కుటుంబ బంధాలకు, నైపుణ్యానికి ప్రాధాన్యమిచ్చింది. యూరప్ బంధువులే ఎక్కువగా వస్తారని దాన్ని తెచ్చినవారు ఊహించారు. వచ్చినవారిలో ఎక్కువమంది లాటిన్ అమెరికా, ఆసియా జనం. 2020లో హిస్పానిక్‌లు 18.7 శాతం; హిస్పానిక్‌లు కాని తెల్లవారు 57.8 శాతం.

తెలుగువారిలో మొదట డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లారు. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) ఏర్పడింది. 1990 చట్టంతో రూపుదిద్దుకున్న హెచ్-1బీ వీసా సాఫ్ట్‌వేర్ తరాన్ని రప్పించింది. అయితే ఉద్యోగ కోటా గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ మామూలుగా 7 శాతం మించి ఇవ్వరు కాబట్టి భారతీయులు ఏళ్ల తరబడి వరుసలోనే ఉన్నారు. 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్, తాత్కాలిక వీసాపై ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు, తండ్రి పౌరుడో శాశ్వత నివాసో కాకపోతే, జన్మతః పౌరసత్వం ఉండదని ఉత్తర్వు ఇచ్చారు. హెచ్-1బీ దంపతులకు పుట్టబోయే పిల్లలూ దాని పరిధిలోకి వచ్చారు. ఫెడరల్ కోర్టులు దాని అమలును ఆపాయి. ఆ వ్యాజ్యాల్లో ఇరుపక్షాలూ ముందు తేల్చుకోవాల్సి వచ్చింది వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు సంగతే.